రెండు వేళ్ళు ఎక్కువైన రైలు పెట్టె

పొద్దున్న అయిదున్నరకు మ్యూజియం అధికారి చొక్కా జేబులో ఒక మడత కాగితం పెట్టుకుని ఇంట్లోంచి బయలుదేరారు. ఆ రోజు చేయవలసిన ఇరవై ఏడు పనులు అందులో వరుసగా రాసి ఉన్నాయి. మొదటిది పాత రైలు యార్డుకు చేరుకోవడం. చివరిది పెట్టెకు తాళం వేయడం. మధ్యనున్న ఇరవై అయిదూ, తొంభై ఏళ్ళ వయసున్న ఒక టేకు రైలు పెట్టెను గీత పడకుండా మూడు కిలోమీటర్ల అవతలున్న మ్యూజియానికి ఎలా చేర్చాలో చెప్పేవి.

గుమ్మం దగ్గర భార్య ఆపింది.

"ఏడు నెలల్నించి మీరు ఇంట్లోకంటే ఆ పెట్టెలోనే ఎక్కువుంటున్నారు. ఇవాళైనా నన్ను చూడనిస్తారా?"

"తప్పకుండా. పది దాటాక రా."

"ఎక్కి కూర్చోవచ్చా?"

"కిటికీలోంచి చూడొచ్చు."

ఆవిడ తలుపు కొంచెం గట్టిగానే వేసుకుంది.

మ్యూజియం సిబ్బంది ఆయన్ని చాటున "ముట్టొద్దు గారు" అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసినా బాధపడేవారు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పెట్టెనే ఒకదాన్ని బాగుచేయించి, చూసేవాళ్ళు చూస్తారు కదా అని తలుపులు బార్లా తీసి ఉంచారు. మూడు నెలలు తిరిగేసరికి ఇత్తడి గొళ్ళాలు పోయాయి, దీపాల గాజులు పోయాయి, బల్లల మీద ప్రేమికుల పేర్లు వెలిశాయి. నాలుగో నెలలో ఒక పెద్దమనిషి కిటికీ చట్రం ఊడదీసి చంకలో పెట్టుకుపోతూ దొరికిపోయి, "ఎవరూ వాడ్డం లేదు కదండీ" అన్నాడు. ఆ మాట ఆయన మనసులో ముల్లులా దిగిపోయింది. ఆనాటినుంచి తన చేతికింది వస్తువు దేనిమీదా ఈగనైనా వాలనివ్వలేదు.

ఇప్పటి పెట్టె మూడో తరగతిది. దొరలు ఎక్కిందీ కాదు, రాజులు నిద్రపోయిందీ కాదు. మామూలు జనం సంచులు ఒళ్ళో పెట్టుకుని పనులకు వెళ్ళివచ్చిన పెట్టె. అలాంటివి ఒకప్పుడు వందలుండేవి కాబట్టే ఒక్కదాన్నీ ఎవరూ దాచలేదు. యార్డులో మిగిలింది ఇదొక్కటే. నెలాఖరులోగా తీసుకుపోకపోతే దీన్నీ కోసి తుక్కులో వేస్తామని యార్డువాళ్ళు ఉత్తరం రాశారు. ఆ రోజే నెలాఖరు. తొమ్మిదిన్నరకు చూడటానికి మ్యూజియాల శాఖ డైరెక్టరు గారు వస్తున్నారు.

ఏడు నెలలపాటు ఆ పెట్టెలో కాలుపెట్టింది ఇద్దరే. ఒకరు ఆయన. రెండోవారు రైలు పెట్టెల కార్ఖానాలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన వడ్రంగి మేస్త్రి. మేస్త్రికి చెవులు కొంచెం మందం, చేతులు మాత్రం మహా చురుకు. కుళ్ళిన పలకలు మార్చి, బల్లలు నున్నగా చేసి, పెట్టెను పెళ్ళికూతురిలా తీర్చిదిద్దాడు.

ఆరుంబావుకల్లా క్రేను పెట్టెను చక్రాలతో సహా ఎత్తి ట్రైలరు మీద దించింది. గొలుసులతో చక్రాలను బిగించారు. ఆరూ నలభైకి ట్రైలరు కదిలింది. మ్యూజియం అధికారి ముందు నడుస్తూ గుంట కనిపించినచోటల్లా చెయ్యెత్తసాగారు. పదహారో పని దాకా అంతా రాసుకున్నట్టే జరిగింది. పదిహేడోది రైలు వంతెన కిందనుంచి దాటడం.

వంతెన దగ్గర ట్రైలరు డ్రైవరు బండి ఆపి తల బయటపెట్టాడు.

"సార్, పట్టదు."

"ఎందుకు పట్టదు? పోయిన నెల నేనే కొలిచాను. నాలుగు వేళ్ళ సందు ఉంటుంది."

డ్రైవరు దిగి, రోడ్డు వైపు చూసి, చెప్పుతో ఒకసారి తన్ని చూశాడు. "పోయిన నెల ఈ రోడ్డు లేదు సార్. కొత్తగా తారు పోశారు. ఆరు వేళ్ళ మందముంది."

మ్యూజియం అధికారికి ఆ తారు ఎవరు పోయించారో బాగా తెలుసు. పెట్టె కుదుపులకు లోనుకాకుండా యార్డునుంచి మ్యూజియం దాకా రోడ్డు చదును చేయించవలసిందిగా పురపాలక సంఘానికి ఏడు ఉత్తరాలు రాసింది తానే. ఏడు ఉత్తరాలకూ కలిపి వాళ్ళు ఒక్కసారే జవాబు చెప్పారు, బాగా దట్టంగా.

పైకప్పుకూ వంతెన దూలానికీ మధ్య రెండు వేళ్ళు తక్కువ. ఇంకో దారిలో ఇంత పొడుగు బండి తిరిగే మలుపు లేదు. వెనక్కి పోదామంటే అప్పటికే వెనకాల ఒక బస్సు, దాని వెనక లారీ, ఆ వెనక రోడ్డు కనిపించినంత మేరా హారన్లు.

"టైర్లలో గాలి తీస్తేనో?" అన్నారు మ్యూజియం అధికారి.

"ఈ బరువు మీద గాలి తీస్తే టైర్లు చిరిగిపోతాయి. తర్వాత మీరూ నేనూ భుజాల మీద మొయ్యాలి."

అంతసేపూ దూలాన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూస్తున్న మేస్త్రి నెమ్మదిగా అన్నాడు. "ఇది ఖాళీ పెట్టె సార్. అందుకే ఎత్తుంది. గొలుసులు చక్రాలకే వేశాం కదా, పైనున్న స్ప్రింగులు ఖాళీగానే ఉన్నాయి. జనం ఎక్కితే దిగుతుంది. నిండుగా ఎక్కితే మూడు వేళ్ళు."

"ఇసక బస్తాలు వేద్దాం."

"ఏవీ బస్తాలు?"

బస్తాలు లేవు. ఉన్నది బస్సు. అందులో నలభై మంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, తమకు వచ్చిన తిట్లన్నీ ఒక్కొక్కటిగా వాడుకుంటూ ఉన్నారు.

మ్యూజియం అధికారి పెట్టె వైపు చూశారు. బస్సు వైపు చూశారు. తుక్కు ఉత్తరం గుర్తుకొచ్చింది. ఆయన బస్సు దగ్గరికి నడిచిన తీరు చూస్తే, సొంత బిడ్డను అపరిచితుల చేతుల్లో పెట్టబోతున్న మనిషిలా ఉంది.

"అయ్యా, అమ్మా, దయచేసి అందరూ దిగి ఆ పెట్టెలో ఎక్కండి. బరువు కావాలి. అయిదు నిమిషాల పని. చెప్పులు కిందే వదలండి. బల్లలకి ఆనుకోకండి. కిటికీలు పట్టుకోకండి. గోడలకి చేతులు తగలనివ్వకండి."

"ఊపిరి పీల్చుకోవచ్చాండీ?" అని అడిగింది ఒక ఆడగొంతు.

ఆ గొంతు ఆయనకు బాగా తెలిసినది. బస్సు రెండో వరుసలో ఆయన భార్య కూర్చుని ఉంది. "పెట్టెకు వెయ్యవలసిన తాళం చెప్పుల స్టాండు మీదే వదిలేసి పోయారు. ఇద్దామని బయల్దేరాను," అని తాళం చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, అందరికంటే ముందు పెట్టె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, హాయిగా వెనక్కి ఆనుకుంది.

నలభై మంది ఎక్కేసరికి పెట్టె ఒక వేలు దిగింది. ఇంకా ఒక వేలు దిగాలి. లారీవాళ్ళు ఎక్కారు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు ఎక్కారు. ఇక్కడినుంచి వ్యవహారం మ్యూజియం అధికారి చెయ్యి దాటిపోయింది. వరుసలో ముందున్నవాళ్ళకు బరువు కోసమని తెలుసు. మధ్యలోవాళ్ళు బస్సు చెడిపోయిందనీ, బదులుగా దీన్ని వేశారనీ అనుకున్నారు. చివరివాళ్ళకు అదీ తెలియదు. అందరూ ఎక్కుతున్నారు కాబట్టి ఎక్కారు. ఒక పెద్దాయన మెట్టు మీద నిలబడి, "కంటి పరీక్ష ఇందులోనేనా?" అని అడిగాడు. ఒక గుమాస్తా మ్యూజియం అధికారి మోచెయ్యి పట్టుకున్నాడు.

"సార్, నేను బరువు కోసం ఆగానని ఒక కాగితం రాసివ్వండి. ఆఫీసులో చూపించాలి."

"నిజంగా రాయమంటారా?"

"ఎన్ని కిలోలో కూడా వెయ్యండి. లేకపోతే నమ్మరు."

ఆయన జేబులోని కాగితం తీసి, పనుల పట్టికలో ఖాళీగా ఉన్న అడుగుభాగాన్ని చింపి రాసిచ్చారు. ఇంతలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు మోటారుసైకిలు మీద వచ్చాడు. భారీ మనిషి. మొహం కందగడ్డలా ఉంది.

"ఎవరు దీనికి బాధ్యులు? సామాన్లు మోసే బండిలో మనుషుల్ని ఎక్కించడం నేరమని తెలీదా?"

మ్యూజియం అధికారి జవాబు చెప్పేలోగా మేస్త్రి ఇన్‌స్పెక్టరును కిందినుంచి పైదాకా, దుంగను కొనబోయేముందు చూసినట్టు చూశాడు. "అయ్యా, గోరంత తక్కువుంది. మీరొక్కరు ఎక్కితే సరిపోతుంది."

"నన్నేనా?"

వెనకనుంచి హారన్లు ఒక్కసారిగా మోగాయి. ఇన్‌స్పెక్టరు ఆ వరుసను చూశాడు. దాన్ని విడిపించే పని తనదేనని గుర్తుకు వచ్చినట్టుంది. "అవతలికి పోగానే అందర్నీ దింపెయ్యాలి," అని బూట్లు విప్పాడు.

మ్యూజియం అధికారి లెక్కపెట్టారు. తనతో కలిపి డెబ్భై రెండు మంది. ట్రైలరు అంగుళం అంగుళంగా కదిలింది. పెట్టెలో అందరూ తలలు వంచేశారు. వంచినందువల్ల పెట్టె ఏమీ దిగదని తెలిసి కూడా వంచేశారు. దూలం నీడ ఒక్కొక్క బల్ల మీదుగా, ఒక్కొక్క మొహం మీదుగా వెనక్కి జరిగిపోయింది. చివరి బల్ల మీదికి మళ్ళీ వెలుగు రాగానే, ఒకరితో ఒకరికి పరిచయంలేని డెబ్భై రెండు మంది ఒక్కసారే ఊపిరి వదిలారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టరు కూడా రెండు చరిచి, చుట్టూ చూసి ఆపేశాడు.

వంతెన దాటాక దింపేద్దామంటే అక్కడినుంచి మ్యూజియం దాకా పల్లం. "దార్లో ఆపితే పట్టు తప్పుద్ది," అని డ్రైవరు ఖరాకండిగా చెప్పేశాడు. చెప్పులన్నీ ఏరి ఎవరో వెనకమెట్టు దగ్గర పోగు పోశారు. పెట్టె జనంతో నిండుగా సాగిపోయింది.

మ్యూజియం అధికారి మధ్యలో నిలబడి కాపలా కాయాలనుకున్నారు. ఎవరిని కాయాలో తెలియలేదు. జనం మోకాళ్ళు మోకాళ్ళకు తగిలేలా కూర్చుని ఉన్నారు. ఒకావిడ సంచి ఇంకొకరి ఒళ్ళో ఉంది. గుమాస్తా తన కాగితాన్ని పక్కాయనకు చదివి వినిపిస్తున్నాడు. ముందు తలుపు దగ్గరి బల్ల మీద తెల్లజుట్టు ముసలమ్మ కిటికీ చెక్కతో కుస్తీ పడుతూ కనిపించింది. ఆయన పరుగున వెళ్ళారు.

"అమ్మా, ముట్టుకోకండి! అది పాడైపోయింది. ఏడు నెలల్నించి తెరుచుకోవడం లేదు."

"పాడవలేదు నాయనా. దీనికి పైకెత్తి లోపలికి నొక్కాలి." ఆమె అరచేత్తో ఒక్కటి తట్టింది. చెక్క బుద్ధిగా జారి కిందికి దిగింది. చల్లటి గాలి లోపలికి వచ్చింది. "ముప్ఫై ఏళ్ళు ఇలాంటి పెట్టెలోనే ఆసుపత్రికి డ్యూటీకి పోయాను. నర్సుని. చలికాలంలో ఇక్కడ నిద్రపోయేదాన్ని, పక్కవాళ్ళు లేపేవాళ్ళు."

"పేర్లు తెలుసా వాళ్ళవి?"

"కొందరివి తెలీదు. భుజాలు మాత్రం తెలుసు."

ఆ పెట్టె పొడుగు, వెడల్పు, బల్లల సంఖ్య, మేకుల రకం అన్నీ ఆయన పుస్తకంలో రాసుకున్నారు. ఈ మాట రాయడానికి అందులో గడి లేదు.

అవతలి కొసన మేస్త్రి ఆయన్ని చేత్తో పిలిచాడు. "సార్, ఈ తలుపు వెయ్యండోసారి."

ఆ తలుపు మీద ఆయన ఎన్ని రోజులు విసుక్కున్నారో లెక్కలేదు. నూనె పోసినా, చెక్క గీసినా, పై మూల తట్టుకుని ఆగిపోయేది. ఇప్పుడు వేలితో తోస్తే మెల్లగా వెళ్ళి, టక్కుమని పడింది.

"పెట్టె చేసేటప్పుడే నడుం కొంచెం పైకి వంచి చేస్తాం సార్," అన్నాడు మేస్త్రి. "జనం బరువు పడితే తిన్నగా నిలబడుద్ది. ఖాళీగా ఉంటే ఏ తలుపూ సరిగ్గా పడదు."

"ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"డెబ్భై మందిని ఎక్కించమంటే మీరు నన్ను బతకనిచ్చేవారా?"

మ్యూజియం అధికారి తలుపు మళ్ళీ తీసి, మళ్ళీ వేశారు. టక్కుమంది. మూడోసారి వేస్తుండగా భార్య చూసింది. కిటికీ వైపు తిరిగి, నవ్వు కొంగులో దాచుకుంది.

ఇంక గండం గడిచిందనుకున్న సమయంలోనే అసలు గండం వచ్చింది. మ్యూజియం గేటు మీద ఇనప ఆర్చి ఉంది. పురపాలక సంఘంవారు తారు పోయడంలో ఏ పక్షపాతమూ చూపకుండా ఆర్చి కింద కూడా అదే మందాన పోశారు. జనం ఉన్నారు కాబట్టి పెట్టె సాఫీగానే దూరింది. సగం లోపలికి పోయాక, ట్రైలరు ముందుచక్రాల కింద ఒక రాయి తగిలి డ్రైవరు ఆగాడు. లోపల వరుసగా నిలబడి ఎదురుచూస్తున్న సిబ్బంది, "వచ్చేసింది! వచ్చేసింది!" అని కేకలు పెట్టారు.

పెట్టెలో ఉన్నవాళ్ళకు ఆ మాట ఒకే విధంగా అర్థమైంది. దిగవలసిన చోటు వచ్చింది.

"ఆగండి! ఎవరూ దిగొద్దు!" అని మ్యూజియం అధికారి అరిచారు. అంతకు ముందు అరగంటపాటు ఆయన దిగమనీ, ముట్టొద్దనీ, ఆనుకోవద్దనీ అరిచిన అరుపుల్లో ఇది కూడా కలిసిపోయింది. జనం వెనక తలుపులోంచి బిలబిలమని దిగిపోయారు. ఆఫీసుల వేళ. చెప్పులు తొడుక్కున్నవాళ్ళు తొడుక్కున్నట్టే మాయమయ్యారు. ఇన్‌స్పెక్టరు బూట్లు వేసుకుంటూ, "మోటారుసైకిలు వంతెన దగ్గరే వదిలేశాను," అని పరుగందుకున్నాడు.

ఒక్కొక్కరు దిగినకొద్దీ పెట్టె బరువు తీరినట్టు పైకి లేచింది. చివరికి కిర్రుమని ఒక శబ్దం వచ్చింది. పైకప్పు ఆర్చికి ఆనింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. సగం పెట్టె మ్యూజియంలో ఉంది, సగం వీధిలో ఉంది.

అప్పుడు టైము తొమ్మిదీ పది.

తర్వాతి ఇరవై నిమిషాల్లో ఆ వీధివాళ్ళు ఒక వింత చూశారు. ముట్టొద్దు గారు రోడ్డు మధ్య నిలబడి, వచ్చేపోయేవాళ్ళను చేతులు పట్టుకుని బతిమాలారు. "బాబూ, ఒక్క నిమిషం ఎక్కి కూర్చోండి. ఆనుకోండి, పరవాలేదు. పడుకున్నా పరవాలేదు. అక్కా, ఆ సంచి కూడా లోపల పెట్టండి, బరువుగా ఉందా? మరీ మంచిది." జనం ఆయన చెయ్యి విడిపించుకుని, అవతలి పక్కకు మారి, వేగంగా నడిచిపోయారు. ఊరికే ఎక్కి కూర్చోమనే మనిషిని ఎవరు నమ్ముతారు? సిబ్బంది ఎనిమిది మంది, భార్య, మేస్త్రి ఎక్కారు. పెట్టె చలించలేదు.

సరిగ్గా తొమ్మిదిన్నరకు డైరెక్టరు గారి కారు వచ్చి ఆగింది. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. ఆమె గేటుకు అడ్డంగా ఇరుక్కున్న పెట్టెను చూశారు, చెమటతో తడిసి ముద్దైన మ్యూజియం అధికారిని చూశారు.

"లోపలికి దారేది?"

వేరే దారి లేదు. ఉన్నది ఒకటే గేటు. "ఈ పెట్టెలోంచే మేడమ్," అన్నారాయన నేల చూస్తూ. "వెనక ఎక్కి, ముందు దిగాలి."

ఆమె ఎక్కారు. ఆయన వెనకాలే వెళుతూ, చెప్పవలసిన క్షమాపణలు మనసులో పేర్చుకున్నారు. ముందు తలుపు దగ్గరి బల్ల మీద తెల్లజుట్టు నర్సమ్మ ఇంకా కూర్చునే ఉంది. "నా పని ఎటూ మధ్యాహ్నానికే. ఇక్కడ గాలి బాగుంది," అంది. డైరెక్టరు గారు ఆమె ఎదురుగా కూర్చున్నారు. కిటికీ చెక్క ఎలా తీయాలో నేర్చుకున్నారు. రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చింది. తరువాత ఆ ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. మ్యూజియం అధికారి తాను చెప్పాలనుకున్న పెట్టె చరిత్రలో ఒక్క ముక్కా చెప్పకుండా నిలబడి విన్నారు.

ఇంతలో యార్డునుంచి ఒకాయన ఫారం పట్టుకుని వచ్చాడు. "పెట్టె మ్యూజియంలోకి చేరినదా? అవును, కాదు. ఏదో ఒకటి కొట్టెయ్యాలి సార్. నాకైతే సగమే కనిపిస్తోంది."

డైరెక్టరు గారు చెయ్యి చాపి ఆ ఫారం తీసుకున్నారు. "నేను కూర్చున్న సగం లోపలే ఉంది," అని 'కాదు' కొట్టేసి సంతకం పెట్టారు. దిగేటప్పుడు మ్యూజియం అధికారితో ఒకటే అన్నారు. "పదేళ్ళలో మీ మ్యూజియంలో నేను కూర్చున్నది ఇదే మొదటిసారి."

అది పొగడ్తో, మందలింపో ఆయనకు ఆ రాత్రంతా అంతుబట్టలేదు. భార్యను అడిగితే, "రెండూ," అంది.

మర్నాటినుంచి మ్యూజియం చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఆ పెట్టె ఎక్కి దిగవలసివచ్చింది. ఎక్కినవాళ్ళు వెంటనే దిగేవారు కాదు. గుమాస్తా తన ఆఫీసువాళ్ళను తీసుకొచ్చి, తాను బరువు పెట్టిన చోటు చూపించాడు. ఇన్‌స్పెక్టరు పిల్లలతో వచ్చి, తను ఎక్కకపోతే బండి ఆ వంతెన దగ్గరే ఉండేదని వాళ్ళకు వివరించాడు. నర్సమ్మ తనలాంటి మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. బల్లల మీద గీతలు పడ్డాయి. మ్యూజియం అధికారి రోజూ సాయంత్రం వంగి వాటిని చూసేవారు. మేస్త్రి ఉప్పుకాగితం తీస్తే, కొన్నింటిని మాత్రం ఉండనివ్వమని చెయ్యి అడ్డం పెట్టేవారు. ఇత్తడి గొళ్ళాలు మాత్రం రోజూ లెక్కపెట్టేవారు. నెల తిరిగింది, అన్నీ ఉన్నాయి. ఎందుకున్నాయో ఆయన చాలా ఆలోచించారు. పూర్వం కిటికీ చట్రంతో దొరికిన ఆ పెద్దమనిషి అన్న మాట గుర్తుకు తెచ్చుకున్నారు. బహుశా ఇప్పుడది వాడుకలో ఉందని చూసినవాళ్ళకు తెలిసిపోతోంది.

బాధల్లా ట్రైలరు డ్రైవరుది. అతని ట్రైలరు పెట్టె కిందే ఉండిపోయింది. ప్రతి ఆదివారం లాగే ఇంజను బండిని తెచ్చి ట్రైలరుకు తగిలించి, డెబ్భై రెండు మందిని ఎక్కించమని పట్టుబట్టేవాడు. మొదటి ఆదివారం యాభై మంది వచ్చారు. రెండో ఆదివారం అరవై అయిదు. మూడో ఆదివారం పెట్టె కిక్కిరిసింది. పైకప్పుకూ ఆర్చికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉందో లేదో అన్నట్టుంది. మ్యూజియం అధికారి కింద రోడ్డు మీద నిలబడి, కిటికీలవెంట నడుస్తూ, తలకాయలను నింపాదిగా లెక్కపెట్టారు.

"డెబ్భై ఒకటి," అన్నారు. "ఒకరు తక్కువ. పై ఆదివారం చూద్దాం."

డ్రైవరు తల పట్టుకున్నాడు. "మీరున్నారు కదా సార్! మీరెక్కితే డెబ్భై రెండు!"

లోపల రెండో కిటికీ దగ్గర కూర్చున్న భార్య భర్త మొహంలోకి చూసింది. ఆయన ఆమె వైపు చూడకుండా, చాలా గంభీరంగా చేతిలోని లెక్కల పుస్తకం మూశారు.

లెక్కపెట్టే మనిషి లెక్కలోకి రాడని మ్యూజియం నిబంధన ఉందట.